బే అడుగు బురదలో పాదరసం: డబ్లిన్ వాగుల వాటా ఎంత?

కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో నిలబడితే ఉప్పునీరు కనపడదు. ఉత్తరానా పడమరా గడ్డి కొండలు, మధ్యలో ఫ్రీవే, తూర్పు వైపు గత ముప్పై ఏళ్లలో లేచిన ఇళ్ల వరసలు. వాటిలో తెలుగు కుటుంబాలకు కొదవ లేదు. అయినా ఈ ఊరి నీళ్లు రెండు దారుల్లో శాన్ ఫ్రాన్సిస్కో బేకి చేరతాయి. ఇళ్లలో వాడిన నీళ్లు డబ్లిన్ శాన్ రమోన్ సర్వీసెస్ డిస్ట్రిక్ట్ శుద్ధి కేంద్రానికి పోతాయి. అక్కడ తోటలకూ పార్కులకూ మళ్లించింది పోగా మిగిలింది పైపులో కొండ దాటి శాన్ లియాండ్రో వైపు వెళ్లి, మరికొన్ని ఊళ్ల నీళ్లతో కలిసి బే లోతుల్లోకి వెళ్తుంది. వాననీళ్ల సంగతి వేరు. రోడ్ల మీదా కప్పుల మీదా పడ్డ వాన వీధి పక్క డ్రెయిన్‌లోకి దిగి, టసహారా క్రీక్, అలమో కెనాల్ లాంటి వాగుల ద్వారా అరోయో డి లా లగూనాలో పడి, సునోల్ దగ్గర అలమీడా క్రీక్‌ను చేరుతుంది. అక్కడి నుంచి నైల్స్ కనుమ దాటి, ఫ్రీమాంట్, యూనియన్ సిటీల మీదుగా కొయోటీ హిల్స్ పక్కన బేలో కలుస్తుంది. ఈ రెండో దారి చివర శుద్ధి కేంద్రం ఏదీ లేదు.

బే అడుగున ఉన్న బురదలో పాదరసం ఉంది. ఈ మాట బే ఏరియాలో చాలామంది విన్నదే. విన్నవాళ్లలో ఎక్కువమంది వెంటనే ఊహించుకునేది ఏదో ఒక ఫ్యాక్టరీ గొట్టాన్ని, లేదా సిలికాన్ వ్యాలీ చిప్ కంపెనీలను. కొలతలు చెబుతున్నది అది కాదు. బురదలో లోహం ఉందని తేల్చడం ప్రయోగశాలకు ఇప్పుడు కష్టమైన పని కాదు. అది ఎక్కడి నుంచి వచ్చింది, ఎప్పుడు వచ్చింది, దాని వల్ల ఎవరికి హాని అనేవి మూడు వేరు వేరు ప్రశ్నలు. వాటికి సాక్ష్యాలూ వేరు వేరు. ఒకదానికి దొరికిన జవాబును మిగతా రెండింటికీ అతికించడం వల్లనే ఈ విషయంలో గందరగోళమంతా పుడుతోంది.

ముందు 'ఎక్కువ' అనే మాట సంగతి చూద్దాం. నికెల్‌ను తీసుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. అమెరికా తీరప్రాంతాల అధ్యయనాలను క్రోడీకరించి 1995లో ఎడ్వర్డ్ లాంగ్, ఆయన సహచరులు ఒక్కో లోహానికి రెండేసి హద్దులు ప్రచురించారు. కింది హద్దుకు లోపల ఉంటే అడుగున బతికే జీవులకు హాని అరుదు, పై హద్దు దాటితే తరచుగా కనిపిస్తుంది. నికెల్‌కు ఆ పై హద్దు కిలో పొడి మట్టికి 51.6 మిల్లీగ్రాములు. శాన్ ఫ్రాన్సిస్కో బే బురదలో, కాలుష్యపు చోట్లు అని పేరుపడని ప్రాంతాల్లో కూడా, నికెల్ దీన్ని దాటుతుంది. 1998లో బే నీటి నాణ్యతను నియంత్రించే ప్రాంతీయ జలమండలి 'ఇక్కడి మామూలు స్థాయి' కోసం గీసుకున్న గీతే సన్నటి బురదకు 112. హద్దుల పట్టికను గుడ్డిగా నమ్మితే బే అంతా నికెల్ విషంతో నిండిందని శీర్షిక పెట్టేయవచ్చు. కానీ చుట్టుపక్కల కొండల్లో సర్పెంటైన్ జాతి రాళ్లు దండిగా ఉన్నాయి. కాలిఫోర్నియా తన రాష్ట్రశిలగా ఎంచుకున్నది కూడా దాన్నే. ఆ రాళ్లలో నికెల్, క్రోమియం సహజంగానే ఎక్కువ. అవి అరిగి వాగుల్లో కొట్టుకొచ్చిన మట్టిలోనూ ఎక్కువే. పైగా ఆ నికెల్‌లో చాలా భాగం ఖనిజపు కణాల్లోనే బిగిసి ఉంటుంది. ఘాటైన ఆమ్లాలతో మట్టిని పూర్తిగా కరిగించి కొలిస్తే ఒక అంకె, పలచటి ఆమ్లంతో పైపైన కదిలించి కొలిస్తే మరో అంకె వస్తాయి. ఏ పద్ధతిలో కొలిచారో చెప్పని అంకెను ఇంకో చోటి అంకెతో పోల్చడానికి లేదు.

గోదావరి ఒండ్రు మీద పనిచేసేవారికి ఇది కొత్త సంగతి కాదు. దక్కన్ నల్లరాతి నేలల మీదుగా వచ్చే ఆ నది మట్టిలో రాగి, వెనేడియం, క్రోమియం పుట్టుకతోనే కొంత ఎక్కువగా ఉంటాయి. కాకినాడ దగ్గర మడ అడవుల బురదను కాలుష్యమని తేల్చే ముందు ఆ రాతి వాటాను తీసివేయాల్సిందే. విశాఖ లోపలి ఓడరేవు పరిస్థితి అలాంటిది కాదు. అక్కడ జింక్ స్మెల్టర్ 1970ల చివర నుంచి 2012 వరకు నడిచింది, చుట్టూ ఇతర పరిశ్రమలున్నాయి. అక్కడి బురదలో జింక్, కాడ్మియం కనిపిస్తే ముందుగా అడగవలసిన ప్రశ్న వేరే అవుతుంది.

రాతి వాటాను ఎలా తీసివేస్తారు? బురదలోకి గొట్టం దించి, ఒకటిన్నర నుంచి రెండున్నర మీటర్ల పొడవు మట్టి కడ్డీని చెదరకుండా పైకి తీస్తారు. దాన్ని పొరలు పొరలుగా కోసి ఒక్కో పొరలో లోహాలను కొలుస్తారు. సీసం-210 అనే సహజ రేడియోధార్మిక రూపం సుమారు 22 ఏళ్లకోసారి సగమవుతుంది కనుక, అది పొరపొరకూ తగ్గే తీరును బట్టి పై పొరల వయసు లెక్కకడతారు. 1960ల తొలినాళ్లలో అణుబాంబు పరీక్షల ధూళి ద్వారా పడిన సీజియం-137 ఇంకో గుర్తు. సన్నటి బంకమట్టి లోహాన్ని ఎక్కువగా పట్టుకుంటుంది, ఇసుక పట్టుకోదు. అందుకని అల్యూమినియంతో నిష్పత్తి కట్టి కణాల పరిమాణపు తేడాను సరిచేస్తారు. ఇంత చేశాక కూడా ఒక చిక్కు మిగులుతుంది. పురుగులూ గుల్లలూ పై పొరల్ని కలియబెడుతుంటాయి. అలలు ఒక్కోసారి కొన్నేళ్ల మేటను ఒక్క తుఫానులో ఎత్తుకుపోతాయి. కాబట్టి పొర తేదీ అంటే ఫలానా సంవత్సరమని కాదు, ఫలానా కాలమని.

అమెరికా భూగర్భ సర్వే శాస్త్రవేత్త మిషెల్ హార్న్‌బర్గర్, ఆమె సహచరులు ఈ పద్ధతిలో బే నుంచి తీసిన ఆరు కడ్డీలను పరిశీలించి 1999లో ఫలితాలు ప్రచురించారు. మనుషుల ప్రమేయం లేని కింది పొరల్లో పాదరసం కిలోకు సుమారు 0.06 మిల్లీగ్రాములు, సీసం సుమారు 5. బే ఉత్తర భాగమైన శాన్ పాబ్లో బేలో 1850, 1880ల మధ్య పేరుకున్న పొరల్లోనే పాదరసం 0.3 నుంచి 0.4కు ఎగబాకింది. కడ్డీలన్నింటిలో కనబడ్డ గరిష్ఠం కింది పొర స్థాయికి ఇరవై రెట్లు. వెండి, సీసం, రాగి, జింక్ పెరుగుదల అప్పుడు కాదు, 1910 తర్వాత మొదలైంది. 1970ల నుంచి పాదరసం, సీసం తగ్గి, 1990 నాటికి అన్ని కడ్డీల పై పొరల్లోనూ దాదాపు ఒకే స్థాయికి వచ్చాయి: పాదరసం 0.30, సీసం 25. క్రోమియం, నికెల్, వెనేడియం ఎక్కువే గానీ, అది ప్రధానంగా రాళ్ల పని అని అదే వ్యాసం తేల్చింది. ఒకే కడ్డీలో ఒక లోహం మనుషుల చేతిని, ఇంకోటి కొండల చేతిని చూపిస్తోందన్నమాట.

1850లలో అక్కడ ఏం జరిగింది? బంగారం వేట. 1853 నుంచి సియెరా నెవాడా కొండల్లో గొట్టపు నీళ్ల ధారతో కొండవాలుల్ని కొట్టి కూల్చే గనుల పద్ధతి వ్యాపించింది. కూలిన గులకరాళ్ల మట్టి పొడవాటి చెక్క కాలువల గుండా పారుతుంటే, ఆ కాలువల అడుగున పాదరసం పోసేవారు. బంగారు రేణువులు దానికి అంటుకునేవి. రాళ్ల తాకిడికి పాదరసం పొడిపొడి బిందువులుగా చెదిరి, పోసిన దానిలో పదోవంతు నుంచి మూడోవంతు దాకా ఒక్క సీజన్లోనే నీళ్లతో కొట్టుకుపోయేదని భూగర్భ సర్వే అంచనా. దిగువన రైతుల పొలాలు రాళ్లమట్టి కింద పూడిపోయాయి. 1884 జనవరిలో ఫెడరల్ న్యాయమూర్తి లొరెంజో సాయర్ ఆ చెత్తను నదుల్లోకి వదలకూడదని తీర్పు ఇచ్చాక ఆ పద్ధతి దాదాపు ఆగింది. తీర్పు వచ్చింది పూడిన పొలాలను చూసి. మట్టిలో కలిసిపోయిన పాదరసం గురించి కాదు. 1917లో భూగర్భ శాస్త్రవేత్త గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్ ఆ మట్టి ప్రయాణం లెక్కకట్టాడు. 1849 నుంచి 1914 దాకా బేలో మేటవేసిన ఒండ్రు వంద కోట్ల ఘనపు గజాలకు పైనే అన్నాడు. సేద్యం, రోడ్ల వల్ల కొట్టుకొచ్చిన మట్టీ అందులో ఉంది కనుక ఆ మొత్తాన్ని గనుల ఖాతాలో వేయకూడదు.

అంత పాదరసం కొండల మీదికి ఎక్కడి నుంచి వచ్చింది? దక్షిణాన, ఇప్పటి శాన్ హోసే ఊరి అంచున ఉన్న న్యూ అల్మడెన్ నుంచి. అక్కడి ఎర్రటి ఇంగిలీకాన్ని ఓలోనీ జాతి ఆదివాసులు రంగుకోసం ఎప్పటి నుంచో వాడేవారు. అది పాదరసపు ఖనిజమని 1845లో ఆండ్రెస్ కాస్తియెరో అనే మెక్సికన్ అధికారి గుర్తించాడు. స్పెయిన్‌లోని అల్మడెన్ పేరే దీనికీ పెట్టారు. ఉత్తర అమెరికాలో ఇంతకన్నా ఎక్కువ పాదరసం ఇచ్చిన గని లేదు. ఒక్కోటి 76 పౌండ్ల ఇనుప సీసాల్లో, పది లక్షల సీసాలకు పైగా ఇచ్చింది. ఖనిజాన్ని కాల్చాక మిగిలిన గుల్లరాయిని పక్క వాగుల్లోకే పోశారు. అది గ్వాడలూపె నది మీదుగా అల్విసో దగ్గర బే దక్షిణపు కొసకు చేరుతూ వచ్చింది. ఇప్పుడు ఆ గని ప్రాంతం కౌంటీ పార్కు. ట్రెయిల్స్ మీద ఆదివారాలు జనం నడుస్తుంటారు.

అంటే బేకి పాదరసం రెండు కొసల నుంచీ వచ్చింది: ఉత్తరం నుంచి బంగారు గనుల ద్రవ పాదరసం, దక్షిణం నుంచి కాల్చిన ఖనిజపు వ్యర్థం. కాలాలు కలిశాయని మాత్రమే ఇలా అంటే అది బలహీనమైన వాదనే. దీన్ని బలపరిచింది 2011లో గ్రెచెన్ గెర్కె, జోయెల్ బ్లమ్, మార్క్ మార్విన్-డిపాస్క్వాలె ప్రచురించిన ఐసోటోప్ పరిశోధన. పాదరసానికి కాస్త బరువైనవీ కాస్త తేలికైనవీ సహజ ఐసోటోపులు కొన్ని ఉన్నాయి. ఖనిజాన్ని కాల్చినప్పుడు వాటి నిష్పత్తి మారుతుంది. బే ఉపరితలపు బురదలో ఈ నిష్పత్తి దక్షిణం నుంచి ఉత్తరానికి క్రమంగా మారుతూ పోయింది. దక్షిణపు కొసన న్యూ అల్మడెన్ వ్యర్థపు ముద్రకు, ఉత్తరాన బంగారు గనుల పాదరసపు ముద్రకు దగ్గరగా ఉంది. అదే బృందం చిన్న చేపల్లోని పాదరసాన్నీ చూసింది. చేపల ముద్ర అవి తిరిగే చోటి బురద ముద్రను అనుసరించింది. గాలి నుంచి నిన్న మొన్న రాలినదాని కన్నా, అడుగున ఉన్న పాత పాదరసమే చేపల్లోకి ఎక్కుతోందనడానికి నాకు తెలిసిన గట్టి సాక్ష్యం ఇదే. అయితే ముద్రల మధ్య తేడా చిన్నది. దీన్నిబట్టి ప్రధాన మూలాన్ని చెప్పవచ్చు గానీ, ప్రతి గ్రామునూ ఎవరి ఖాతాలో వేయాలో పంచలేం.

ఆ పంపకం చేసింది నియంత్రణ సంస్థ. ప్రాంతీయ జలమండలి 2006లో ఆమోదించి, 2008లో కేంద్ర పర్యావరణ సంస్థ అంగీకరించిన పాదరసపు పద్దు ప్రకారం బేకి ఏడాదికి చేరేది సుమారు 1,220 కిలోలు. అందులో 460 బే అడుగునే మేటవేసిన పాత బురద కోతకు గురై పైకి లేచేది. 440 సియెరా నెవాడా నదులు దిగే సెంట్రల్ వ్యాలీ నుంచి వచ్చేది. నగరాల వాననీటిది 160, గ్వాడలూపె నదిది 92. నేరుగా బే నీటి మీద గాలి నుంచి పడేది 27. నగరాల మురుగునీటి శుద్ధి కేంద్రాలన్నిటిదీ కలిపి ఇరవై కిలోలకు లోపు. నూరేళ్లకు పైగా క్రితమే మూతపడ్డ పనుల తాలూకు బాకీయే ఈ పద్దులో ముప్పావు వంతుకు దగ్గరగా ఉంది. ఇవి నేరుగా తూచిన బరువులు కావు. నీటి పరిమాణాన్ని, బురద మోతాదును, అందులోని సగటు పాదరసాన్ని గుణించి వేసిన అంచనాలు. ముఖ్యంగా మొదటి అంకె, ఆ కోత ఇంకా అదే వేగంతో సాగుతోందన్న ఊహ మీద నిలబడింది.

డబ్లిన్ ఎక్కడుంది ఇందులో? ఇంటి మురుగునీటి వాటా చిన్నది, శుద్ధిలో పాదరసం చాలావరకు బురదతో పాటు విడిపోతుంది. వాననీటిదే అసలు లెక్క. అలమీడా కౌంటీ వాననీటి కార్యక్రమంలోని ఊళ్లన్నిటికీ కలిపి ఆ పద్దు ఏడాదికి 20 కిలోల కోటా ఇచ్చింది. ఈ ఊళ్లన్నీ ఒక్కటి కావు. ఓక్లండ్ లాంటి పాత పారిశ్రామిక నేలల దుమ్ములో పాదరసం ఎక్కువ. డబ్లిన్ 1982లో పురపాలకమైన ఊరు, తూర్పు భాగమంతా ఇంకా కొత్తది. పైగా ఇటీవలి పెద్ద కట్టడాల్లో రోడ్డు నీరు మట్టి, మొక్కల పొర గుండా ఇంకి వాగులోకి వెళ్లాలనే షరతు ఉంది. పార్కింగ్ లాట్ల మధ్య కాస్త గుంటగా, గడ్డి దుబ్బులతో కనిపించే తోటలు అందుకోసం కట్టినవే. బంగారు గనుల మట్టి గానీ, న్యూ అల్మడెన్ వ్యర్థం గానీ అలమీడా క్రీక్ పరీవాహకంలోకి వచ్చేవి కావు. కనుక డబ్లిన్ వాగులను ప్రధాన దోషిగా చూపే ఆధారం ఈ పద్దులో లేదు. దీన్ని నిర్దోషిత్వపు పత్రంగా చదవడం కూడా తొందరపాటే. రాగి విషయంలో దారి వేరు. కారు బ్రేకు ప్యాడ్ల అరుగుదల రోడ్డు మీద పడి వానతో వాగులోకి పోతుంది. రోజూ ఫ్రీవే మీద గంటలు గడిపే ఊరికి ఆ వాటా తక్కువేమీ కాదు. 2010లో కాలిఫోర్నియా చేసిన చట్టం ప్యాడ్లలో రాగిని 2021కి 5 శాతానికి, 2025కి అర శాతానికి పరిమితం చేసింది.

ఇక హాని సంగతి. బురదలో ఉన్న పాదరసంలో చాలావరకు చేపకు చేరదు. గాలి ఆడని బురదలో సల్ఫేట్ మీద బతికే బ్యాక్టీరియా కొంత పాదరసాన్ని మిథైల్ రూపంలోకి మారుస్తుంది. దానికి కావలసిన జన్యువుల జంటను 2013లో గుర్తించారు. మొత్తం పాదరసంలో ఆ రూపం సాధారణంగా ఒక శాతం అటూ ఇటూ. పెద్ద చేప కండలో మాత్రం దాదాపు అంతా అదే. జపాన్‌లోని మినమాటలో 1956లో బయటపడిన జబ్బుకు కారణమైంది ఈ రూపమే, అక్కడ మాత్రం ఫ్యాక్టరీ నుంచి నేరుగా వదిలారు. కాబట్టి బురదలో మొత్తం పాదరసం ఎక్కువున్న చోటే చేపల్లోనూ ఎక్కువుంటుందని ముందే అనుకోకూడదు. ఆక్సిజన్, సేంద్రియ పదార్థం, తడి ఆరడం, మళ్లీ తడవడం, ఇవన్నీ మధ్యలో ఉన్నాయి. 1970ల నుంచి బురదలో పాదరసం తగ్గినా, స్ట్రైప్డ్ బాస్ చేపలో 1970ల తొలినాళ్ల కొలతలతో పోలిస్తే స్పష్టమైన తగ్గుదల కనపడలేదు. ఈ రెండు వాక్యాలూ ఒకేసారి నిజమే.

అల్విసో దగ్గర పాత ఉప్పు మడుల్ని తిరిగి చిత్తడి నేలలుగా మార్చే పనిలో ఇది తేటగా కనబడింది. 2011లో ఏ8 అనే మడి గేట్లు తెరిచి ఆటుపోట్లను లోపలికి వదిలినప్పుడు, ఆ తొలి కాలంలో అక్కడి చిన్న చేపల్లోనూ, ఫార్‌స్టర్స్ టెర్న్ పక్షుల గుడ్లలోనూ పాదరసం పెరిగింది. తర్వాత తగ్గింది. గేట్లను ఒక్కసారిగా కాక కొద్దికొద్దిగా తెరుస్తూ, గుడ్లను కొలుస్తూ పోయారు కాబట్టే ఈ సంగతి తెలిసింది.

మూలం నుంచి హాని దాకా గొలుసు మొత్తం పట్టుబడిన ఉదాహరణ కావాలంటే పాలో ఆల్టో బురద మేటను చూడాలి. అక్కడి చిన్న గుల్లలను భూగర్భ సర్వేకి చెందిన శామ్యూల్ లువోమా బృందం 1970ల మధ్య నుంచి ఏళ్ల తరబడి దాదాపు నెలనెలా ఏరి కొలిచింది. 1970ల చివర వాటి ఒంట్లో రాగి, వెండి విపరీతంగా ఉండేవి. వెండిలో చాలా భాగం ఫొటోలు కడిగే పనుల నుంచి మురుగులోకి వచ్చేది. ఆ రోజుల్లో గుల్లలు సరిగా గుడ్లు పెట్టలేకపోయేవి. పక్కనున్న శుద్ధి కేంద్రం 1980లలో పద్ధతులు మెరుగుపరిచి, పరిశ్రమల దగ్గరే లోహాన్ని ఆపించాక, విడుదల తగ్గింది, బురదలో తగ్గింది, గుల్లల్లో తగ్గింది, సంతానోత్పత్తి తిరిగొచ్చింది. ఈ నాలుగూ వరసగా జరిగాయి కనుక కారణమేమిటో ధైర్యంగా చెప్పగలుగుతున్నారు. ఒక్కసారి వెళ్లి నాలుగు సంచుల బురద తెచ్చి కొలిచే అధ్యయనాలు మన దగ్గరా ఇక్కడా లెక్కలేనన్ని ఉన్నాయి. ఇలాంటి మాట చెప్పే బలం వాటికి ఉండదు. ఒకే చోట, ఒకే పద్ధతిలో, విసుగు లేకుండా కొలిచే పనికి నిధులు ఇప్పించడమే కష్టం.

పాదరసం విషయంలో అంత సులువైన కొళాయి లేదు, కట్టేయడానికి. మనుషుల దాకా వచ్చే దారిలో ఉన్నది చేప. గర్భం దాల్చే వయసు స్త్రీలు, పిల్లలు బేలో పట్టిన స్ట్రైప్డ్ బాస్, సొరచేప, స్టర్జన్ తినవద్దని రాష్ట్ర ఆరోగ్య అంచనా కార్యాలయం 2011లో సలహా ఇచ్చింది. ఇది తామే గాలం వేసి పట్టుకునేవాళ్లకు. పులుసులో ఎంతసేపు ఉడికించినా, చింతపండు ఎంత పోసినా పాదరసం పోదు. అది కండలోని ప్రొటీన్‌కే అంటుకుని ఉంటుంది. చర్మం, కొవ్వు తీసేస్తే కొవ్వులో చేరే పీసీబీల్లాంటి రసాయనాలు కొంత తగ్గుతాయి గానీ పాదరసం తగ్గదు.

ఇప్పుడు ఒండ్రు లెక్కే మారిపోతోంది. 1999లో బే నీళ్లు అకస్మాత్తుగా తేటపడ్డాయి. అంతకు ముందు ఎనిమిదేళ్లతో పోలిస్తే తర్వాతి తొమ్మిదేళ్లలో నీటిలో తేలే మట్టి సగటున 36 శాతం తగ్గిందని భూగర్భ సర్వేకి చెందిన డేవిడ్ షోల్‌హామర్ 2011లో చూపించాడు. గనుల కాలం నుంచి నిల్వ ఉన్న, తేలిగ్గా కదిలే బురద అయిపోవడమే కారణమని ఆయన ప్రతిపాదన. అది నిజమైతే పాదరసపు పద్దులోని మొదటి అంకె, ఆ 460 కిలోలు, తిరగరాయవలసి ఉంటుంది. ఆనకట్టలు మట్టిని ఆపేయడంతో సెంట్రల్ వ్యాలీ వాటా కూడా తగ్గింది. 1995–2010 కాలానికి బేకి చేరే ఒండ్రులో సుమారు 61 శాతం చుట్టుపక్కల చిన్న వాగులదేనని లెస్టర్ మెకీ బృందం 2013లో లెక్కకట్టింది. దక్షిణ బేలో ఆ వాగుల్లో పెద్దది అలమీడా క్రీక్. అంటే డబ్లిన్ కొండల మట్టికి గిరాకీ వచ్చింది. సముద్రమట్టం పెరిగే కొద్దీ చిత్తడి నేలలు మునగకుండా ఎత్తు పెరగాలంటే మట్టి కావాలి. అలమీడా క్రీక్ వరద కాలువ పక్కనే ఈడెన్ లాండింగ్ పాత ఉప్పు మడులు ఉన్నాయి. కాలువలో పూడిక తీస్తారు, మడుల్లో మట్టి లేదు.

ఆ పూడికను మడుల్లో వేయవచ్చా అన్నది పరీక్షల మీద ఆధారపడే ప్రశ్న. ఇక్కడి మార్గదర్శకాలు చిత్తడి నేల పైపొరకు వాడే మట్టికి గట్టి ప్రమాణం, అడుగున పూడ్చే మట్టికి కొంత సడలించిన ప్రమాణం పెట్టాయి. నా అభిప్రాయంలో మొత్తం పాదరసం అంకె ఒక్కటి చూసి అవునో కాదో అనకూడదు. నికెల్ హద్దు దాటిందని ఈ కొండల మట్టిని తిప్పి పంపితే అది రాతిని నేరస్తుణ్ని చేయడమే. మొత్తం పాదరసం కిలోకు 0.2 మిల్లీగ్రాముల లోపే ఉందని వెంటనే పరిచేయడమూ సరి కాదు. ఆ మడిలో తడి పొడి మారే తీరును బట్టి మిథైల్ రూపం ఎంత పుడుతుందో, ముందు ఒక చిన్న మడిలో వేసి, రెండు మూడు సంతానోత్పత్తి కాలాల పాటు చిన్న చేపలనూ పక్షి గుడ్లనూ కొలిచి చూడాలి. ఏ8 దగ్గర చేసింది అదే. దానికి ఏళ్లు పట్టాయి.